కేసులు ఇంటిదాకా వెంట వస్తున్నాయి. నేను ఈ పనికి పనికిరానా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. సోషల్ వర్క్‌లో చేరి రెండున్నరేళ్లయింది. పిల్లల రక్షణ, కుటుంబ హింస కేసులు చూస్తున్నారు. మొదట్లో ప్రతి కేసుకీ కన్నీళ్లొచ్చేవి, ఇప్పుడు ఎంత ఘోరం విన్నా లోపల చలనం లేదు. రాత్రి నిద్ర పట్టదు. ఇంట్లో చిన్న మాటకే విసుక్కుంటున్నారు. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి టెన్షన్ మొదలవుతోంది. "నా మనసు రాయైపోయింది. ఈ పనికి నేను పనికిరానా? మానేయాలా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. మీరు ఈ పనికి పనికొస్తారు. మీ మనసు రాయి కాలేదు, తిమ్మిరెక్కింది. బరువు చాలాసేపు మోసిన చెయ్యి తిమ్మిరెక్కినట్టే. ఆ తిమ్మిరి వదిలేదాకా రాజీనామా లాంటి పెద్ద నిర్ణయం పెట్టుకోకండి. ఈ వారంలోనే మీ సూపర్‌వైజర్‌కి మీ పరిస్థితి చెప్పండి. కొన్నాళ్లపాటు కొత్తగా బరువైన కేసులు మీకు ఇవ్వొద్దని అడగండి. నిద్ర చెడిపోయి రెండు వారాలు దాటి ఉంటే డాక్టర్ని కలవండి. ఈ మూడూ చేశాక మిగతాది నిదానంగా చూసుకోవచ్చు.

నేను ఈ రంగంలో 22 ఏళ్లు పనిచేశాను. మొదటి 13 ఏళ్లు ఫీల్డ్‌లో, ఆ తర్వాత కొత్తగా చేరినవారికి సూపర్‌వైజర్‌గా. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైంది ఒకటే. ఎదుటివారి బాధ విన్నందుకు మనం కూలిపోవడం తక్కువ. విన్నదాన్ని ఒంటరిగా లోపల దాచుకున్నందుకు, ఒక కేసుకి లోపల ముగింపు చెప్పుకోకుండానే ఇంకో కేసులోకి వెళ్లిపోయినందుకు కూలిపోతాం. కింద నేను చెప్పేవన్నీ ఈ రెంటినీ సరిచేసుకోవడం గురించే.

ఉద్యోగంలో నా ఆరో సంవత్సరం సంగతి చెబుతాను. ఒక మధ్యాహ్నం ఒకావిడ నా ఎదురుగా కూర్చుని భర్త చనిపోయిన రోజు గురించి చెబుతోంది. నేను ఫారం నింపుతున్నాను. ఆదాయం ఎంత, ఇంట్లో ఎంతమంది, పిల్లల వయసులు. ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. ఎందుకు ఆగిందా అని తలెత్తి చూశాను. "మీరు రాసుకోండమ్మా, అయ్యాక చెబుతాను" అంది. ఆ గొంతులో కోపం లేదు. తన దుఃఖాన్ని పక్కన పెట్టి, నా పెన్ను ఆగేదాకా ఓపిగ్గా చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పటికి నా చేతిలో 38 కేసులున్నాయి. మూడు నెలలుగా ఏ ఒక్క కేసు గురించీ ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదు. నేను కూడా అచ్చం మీలాగే అనుకున్నాను, నాలో మనిషి చచ్చిపోయిందని. చావలేదు. ఆవిడ మాట నన్ను అంతగా కుదిపిందంటేనే ఏదో బతికి ఉందని తర్వాత తెలిసింది. మీకు కూడా ఇలా ప్రశ్న రాయాలనిపించిందంటే అదే కారణం. నిజంగా రాయైపోయినవాళ్లకి ఈ దిగులు ఉండదు.

ఇక అసలు విషయం. అందరూ దీన్నంతా స్ట్రెస్ అనే ఒక్క మాటతో చెప్పేస్తారు. అక్కడే చిక్కు వస్తుంది. ఈ పనిలో తగిలే దెబ్బలు రకరకాలు, ఒక్కోదానికి మందు వేరు. మీది ఏదో ముందు గుర్తుపట్టాలి.

మొదటిది బర్నౌట్, అంటే పని భారం వల్ల వచ్చే అలసట. ఈ మాటను వైద్యరంగంలోకి తెచ్చింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు, 1974లో. ఆయన న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో సేవ చేస్తూ, తోటి వాలంటీర్లు ఎంతో ఉత్సాహంగా వచ్చి కొన్నాళ్లకే నీరుగారిపోవడం చూశాడు. తనకూ అదే జరిగింది. అంటే ఈ సంగతి మొదట బయటపడిందే మనలాంటి సేవా రంగంలో. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు ముఖాలు చూస్తారు. ఒకటి, మనసు పూర్తిగా ఎండిపోవడం. రెండు, క్లయింట్లను మనుషులుగా కాక కేసు నంబర్లుగా చూడటం. మూడు, నేను చేసేదానివల్ల ఏ ఉపయోగమూ లేదనిపించడం. మీరు చెప్పిన "చలనం లేకపోవడం" ఆ రెండోదానికి దగ్గరగా ఉంది. అది మీ స్వభావంలో లోపమైతే ప్రశ్నావళిలో దానికంటూ ఒక చోటు ఉండేది కాదు, ఎంతోమందిలో కనిపించింది కాబట్టే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణ జాబితాలో బర్నౌట్‌ను జబ్బుగా చెప్పలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సంభాళించకపోవడం వల్ల వచ్చే స్థితిగా చెప్పింది. నేను కొత్తవారికి ఇది తప్పకుండా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు తప్పంతా తమమీదే వేసుకుంటారు. పని ఒత్తిడివల్ల వచ్చినదానికి మందు పనిలోనే ఉండాలి. కేసులు తగ్గాలి, రిపోర్టులకు టైమ్ ఇవ్వాలి, మన మాట వినేవాళ్లు ఉండాలి. ఇవేవీ మార్చకుండా ధ్యానం చేయమంటే, ఓడకి చిల్లు ఉంచి నీళ్లు తోడుతూ ఉండమన్నట్టే.

రెండోది సెకండరీ ట్రామా. ఘోరం మనకు జరగలేదు, కానీ దాని వివరాలు పదేపదే వినడం వల్ల, చూడటం వల్ల మన ఒంట్లోకి ఆ భయం దిగిపోతుంది. దీనికే కంపాషన్ ఫెటీగ్ అని కూడా అంటారు, ఆ మాటను 1995లో చార్లెస్ ఫిగ్లీ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకంలో, వృత్తిలో భాగంగా ఘోరమైన వివరాలకు పదేపదే గురికావడం వల్ల కూడా పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనిషిని వెంటాడే మానసిక జబ్బు) రావచ్చని స్పష్టంగా రాశారు. పిల్లలపై అకృత్యాల వివరాలు మళ్లీ మళ్లీ వినే పోలీసులను ఉదాహరణగా ఇచ్చారు. మనం వినేది అంతకంటే తక్కువేం కాదు.

నాకు ఇది ఎలా వచ్చిందో చెబుతాను, గుర్తుపట్టడానికి పనికొస్తుంది. తొమ్మిదేళ్ల పాపను ఇంటినుంచి తీసుకుని షెల్టర్‌కి వెళ్తున్నాం. రెండు గంటల ప్రయాణం. పాప ఒక్క మాట మాట్లాడలేదు. నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని జిప్ తెరుస్తూ, మూస్తూ కూర్చుంది. తెరవడం నెమ్మదిగా, మూయడం వేగంగా. దారి పొడుగునా అదే చప్పుడు. పాపను అప్పగించాను, సంతకాలు పెట్టాను, అంతా సవ్యంగా జరిగిందనుకున్నాను. నెలన్నర తర్వాత బస్సులో నా వెనక సీట్లో ఎవరో బ్యాగు జిప్ లాగారు. నా చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు, తర్వాతి స్టాప్‌లో దిగిపోయాను. ఆ తర్వాత నాకు తెలియకుండానే జిప్ ఉన్న బ్యాగు మానేసి గుడ్డ సంచి పట్టుకోవడం మొదలుపెట్టాను. అంటే తప్పించుకు తిరగడం మొదలైందన్నమాట. ఇలా ఒక చప్పుడు, ఒక వాసన, ఒక వీధి చూడగానే ఒళ్లు బిగుసుకుపోవడం, అదే కల మళ్లీ మళ్లీ రావడం, మన సొంత పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే ఏదో ఘోరం జరిగిందని వణికిపోవడం ఉంటే అది వట్టి అలసట కాదు. సెలవు పెడితే పోదు. దానికి ట్రామా చికిత్సలో శిక్షణ ఉన్న మనిషి కావాలి. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలనూ ప్రవర్తననూ సరిచేసే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) అనే పద్ధతులు దీనికి బాగా పనిచేస్తాయి. నేను సీబీటీ తీసుకున్నాను. చివరి వారాల్లో ఆ జిప్ బ్యాగును ఒళ్లో పెట్టుకుని, తెరిచి మూస్తూ, ఆ ప్రయాణం మొత్తాన్ని మాటల్లో చెప్పాను. ఇప్పుడు మళ్లీ అదే బ్యాగు వాడుతున్నాను.

మూడోదాని గురించి తక్కువమంది మాట్లాడతారు: ఏది సరైనదో తెలిసీ చేయలేకపోవడం. ఆండ్రూ జేమ్టన్ 1984లో నర్సుల పని గురించి రాస్తూ దీనికి మోరల్ డిస్ట్రెస్ అని పేరు పెట్టాడు. ఉదాహరణకి, ఒకావిడకి ఈ రాత్రికే ఆశ్రయం కావాలని మీకు తెలుసు, షెల్టర్‌లో మంచం ఖాళీ లేదు. ఒక కుర్రాడిని తన ఇంటికి తిరిగి పంపకూడదని మీకు తెలుసు, ఆపడానికి చట్టప్రకారం ఆధారం చాలదు. తలుపు వేసి వచ్చేస్తాం. ఆ తర్వాత నిద్ర పట్టనిది అలసట వల్ల కాదు, అపరాధ భావం వల్ల.

దీనికి విశ్రాంతి మందు కాదు. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంటే ఆ ముఖం ఇంకా ఎక్కువ గుర్తొస్తుంది. నాకు పనిచేసింది రాసిపెట్టడం. ప్రతి అలాంటి కేసులో నాలుగు వాక్యాలు రాసేదాన్ని: ఈ మనిషికి ఏం అవసరం, నేను ఏం అడిగాను, ఎవరు ఎందుకు కుదరదన్నారు, ఇప్పుడు ఈ నిర్ణయం ఎవరి చేతిలో ఉంది. తేదీ వేసి ఫైల్లో పెట్టి, ఒక కాపీ పైఅధికారికి పంపేదాన్ని. దీనివల్ల రెండు మేళ్లు జరిగాయి. నా తప్పు ఎంతవరకో, వ్యవస్థ తప్పు ఎంతవరకో కాగితం మీద విడివిడిగా కనిపించేది. ఇక ఒకే రకం కాగితాలు 11 పోగుపడ్డాక, మా టీమ్ అంతా కలిసి ఆ కట్ట పట్టుకుని అత్యవసర మంచాలు పెంచమని అడిగాం. నాలుగు పెంచారు. చాలవు, కానీ ఆ నాలుగు మంచాలు నా మనసుకి చేసిన మేలు ఏ సెలవూ చేయలేదు.

నాలుగోది దుఃఖం. క్లయింట్ చనిపోవచ్చు, ఆత్మహత్య చేసుకోవచ్చు. మూడేళ్లు వారం వారం మాట్లాడిన మనిషి ఒక సోమవారం ఉండడు. మనం బంధువులం కాదు కాబట్టి మనల్ని ఎవరూ పలకరించరు, ఆ పూటే పది గంటలకు ఇంకో అపాయింట్‌మెంట్ ఉంటుంది. కెన్నెత్ డోకా 1989లో ఇలా లోకం గుర్తించని దుఃఖం గురించి రాశాడు, గుర్తింపు లేని దుఃఖం ఎక్కువకాలం సలుపుతుందని. మా టీమ్‌లో తర్వాత ఒక అలవాటు పెట్టుకున్నాం. ఎవరి క్లయింట్ పోయినా, ఆ రోజు 20 నిమిషాలు అందరం కూర్చుంటాం. తప్పొప్పుల విచారణ ఆ 20 నిమిషాల్లో ఉండదు, దానికి వేరే రోజు ఉంటుంది. ఆ మనిషి ఎలా నవ్వేవాడు, ఏమని విసుక్కునేవాడు, అంతే మాట్లాడుకుంటాం. ఆ పూట ఆ వర్కర్ అపాయింట్‌మెంట్లు మిగతావాళ్లు పంచుకుంటారు.

మీరు రాసినదాన్నిబట్టి మీకు మొదటిది ఉందనిపిస్తోంది, మూడోది కూడా కొంత ఉందనిపిస్తోంది. రెండోది ఉందో లేదో మీరే పైన చెప్పిన గుర్తులతో చూసుకోండి.

ఇప్పుడు రోజువారీ పని. ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే "మిమ్మల్ని మీరు చూసుకోండి" అని అందరూ అంటారు, ఎలాగో చెప్పరు.

"అదే నా పాప అయితే" అని ఊహించడం మానేయండి. ఇది వినగానే కొత్తవాళ్లకు కోపం వస్తుంది, కానీ చాలా ముఖ్యం. డేనియల్ బాట్సన్, అతని సహచరులు 1997లో చేసిన ఒక ప్రయోగంలో, కష్టంలో ఉన్న మనిషి గురించి వింటూ "ఆ చోట నేనుంటే" అని ఊహించినవారిలో దయతోపాటు సొంత కలవరం కూడా పెరిగింది. "ఆవిడకి ఇప్పుడు ఎలా ఉంది" అని ఊహించినవారిలో దయ పెరిగింది, కలవరం అంతగా లేదు. తాన్యా సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం 2014లో మరో సంగతి చూపింది. ఎదుటివారి బాధను తామూ అనుభవించేలా శిక్షణ ఇస్తే మనుషులు కుంగిపోయారు. ఆ తర్వాత అదే మనుషులకు ఎదుటివారి మేలు కోరే భావన మీద శిక్షణ ఇస్తే తేరుకున్నారు. నేను దీన్ని చిన్న అలవాటుగా మార్చుకున్నాను. వింటున్నప్పుడు నాలో బొమ్మలు మొదలవగానే పాదాలు నేలకు ఆన్చి, "ఈవిడకి ఈ గంటలో ఏం కావాలి?" అని లోపల అడుక్కుంటాను. కొన్నిసార్లు జవాబు నీళ్లు. కొన్నిసార్లు తలుపు దగ్గరగా వేయడం. ఆ చిన్న జవాబు నన్ను మళ్లీ ఆ గదిలోకి, ఆవిడ దగ్గరికి తీసుకొస్తుంది.

రెండు కేసుల మధ్య పది నిమిషాలు. దీని కోసం నేను గొడవ పడ్డాను, మీరు కూడా పడండి. ఆ పది నిమిషాల్లో నోట్స్ పూర్తిచేయాలి, లేచి నడవాలి, ముఖం కడుక్కోవాలి. రాయని నోట్స్ బుర్రలో తిరుగుతూనే ఉంటాయి, మర్చిపోతానేమోనన్న భయంతో మనసు వాటిని పట్టుకుని వదలదు. కాగితం మీద పడగానే వదులుతుంది. బరువైన కేసులు ఒకదాని వెంట ఒకటి పెట్టుకోకండి. రోజులో చివరి అపాయింట్‌మెంట్‌గా అసలు పెట్టుకోకండి. లైంగిక హింసకు గురైన పిల్లవాడితో మాట్లాడి నేరుగా ఇంటికెళ్తే, ఆ పిల్లవాడు మీతోపాటే ఇంటికొస్తాడు.

రోజు చివర మూడు వాక్యాలు. కుర్చీలోంచి లేచేముందు: ఈ రోజు నేను చేసింది ఏమిటి, రేపటికి మిగిలింది ఏమిటి, ఈ రాత్రికి ఎవరు ఎవరి చేతిలో క్షేమంగా ఉన్నారు. మూడో వాక్యమే అసలు మందు. "పాప పెద్దమ్మ దగ్గర ఉంది, డ్యూటీ నంబరు పెద్దమ్మకి ఇచ్చాను" అని రాశాక, అర్ధరాత్రి మెలకువ వస్తే ఆ వాక్యమే గుర్తు తెచ్చుకుంటాను. మూడో వాక్యం రాయలేకపోతున్నారంటే, ఎవరి భద్రతో ఇంకా తేలలేదన్నమాట. అప్పుడు ఇంటికి వెళ్లకండి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేయండి. అది మీరు ఒంటరిగా మోయాల్సిన రాత్రి కాదు.

ఫోన్ గురించి కూడా. మా దగ్గర చేరిన ఒక కుర్రాడు చాలా మంచివాడు, క్లయింట్లందరికీ సొంత నంబరు ఇచ్చేశాడు. రాత్రి రెండింటికి ఫోన్లు. ఎత్తకపోతే ఏమవుతుందోనని స్నానానికి కూడా ఫోన్ పట్టుకెళ్లేవాడు. ఎనిమిది నెలల్లో మనిషి సగమయ్యాడు. ఒక్కసారిగా నంబరు మార్చేస్తే క్లయింట్లు దిక్కులేనివాళ్లవుతారని అతని బాధ, అది నిజమే. అందుకని మేం ఒక డ్యూటీ ఫోన్ పెట్టి వంతులు వేసుకున్నాం. అతను ఒక్కో కుటుంబంతో విడిగా కూర్చుని, "ఇక రాత్రిపూట ఈ నంబరు, ఎత్తేది నేను కాకపోవచ్చు, కానీ తప్పకుండా ఎవరో ఒకరు ఎత్తుతారు" అని చెప్పాడు. ఆరు వారాలు పట్టింది. ఒక తల్లి అతనితో, "అయితే నీకూ నిద్ర పడుతుంది నాయనా" అందట. మన క్లయింట్లు మనం అనుకున్నదానికంటే ఎక్కువ అర్థం చేసుకుంటారు.

ఇంట్లో మాట్లాడటం గురించి చాలామంది అడుగుతారు. గోప్యత మన వృత్తి ధర్మం, కాబట్టి ఎవరు, ఎక్కడ, ఏం జరిగింది అన్నవి ఇంట్లో చెప్పకూడదు. కానీ మీ సంగతి చెప్పుకోవచ్చు. "ఈ రోజు చాలా బరువుగా గడిచింది, ఓ అరగంట నన్నేమీ అడక్కండి, తర్వాత మీతో కూర్చుంటాను" అంటే ఇంట్లోవాళ్లకి ఊరట. లేకపోతే మీ విసుగు తమవల్లే అనుకుంటారు. నా కూతురు చాలా ఏళ్లు అలాగే అనుకుందని పెద్దయ్యాక చెప్పింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

తోటి ఉద్యోగులతో మాట్లాడేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. ఘోరమైన వివరాలు ఉన్నట్టుండి ఎదుటివారిమీద కుమ్మరించకండి. "ఒక బరువైన సంగతి ఉంది, ఇప్పుడు వినగలవా?" అని అడగండి. కాదంటే ఇంకో మనిషిని చూసుకోండి. చెప్పేటప్పుడు జరిగిన ఘోరం వివరాలకంటే అది మీకు ఎలా తగిలిందో చెప్పండి. ఉపశమనం దొరికేది అక్కడే.

ఒక హెచ్చరిక. ఏదైనా దారుణం జరిగిన వెంటనే అందరినీ గదిలో కూర్చోబెట్టి, జరిగిందంతా వివరంగా చెప్పించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ దానివల్ల పీటీఎస్‌డీ ఆగుతుందనడానికి ఆధారం దొరకలేదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2018లో కూడా దాన్ని చేయొద్దనే చెప్పింది. వెంటనే కావాల్సింది భద్రత, నీళ్లు, తోడుగా ఒక మనిషి, ఇంటికి చేర్చేవాళ్లు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడనివ్వాలి, బలవంతం వద్దు. మేం 20 నిమిషాలు కూర్చుంటామని పైన చెప్పాను కదా, అందులో కూడా మౌనంగా ఉండేవాళ్లని ఎవరూ కదిలించరు.

సూపర్‌వైజర్ అంటే చాలాచోట్ల రిపోర్టులు అడిగే మనిషి అయిపోయారు. ఆల్ఫ్రెడ్ కడూషిన్ 1976లోనే సోషల్ వర్క్ సూపర్‌విజన్‌కి మూడు పనులు చెప్పాడు: అజమాయిషీ, నేర్పడం, తోడుగా నిలవడం. నేను మొదట పనిచేసిన ఆఫీసులో మొదటిది మాత్రమే జరిగేది. ఆ జిప్ సంగతి చెప్పబోతే, "ఈ పనిలో ఇవన్నీ మామూలే" అని మాట మార్చేశారు. తర్వాత వచ్చిన ఆవిడ వేరు. ప్రతి రెండు వారాలకీ ఒక గంట తలుపు వేసుకుని కూర్చునేవారు. మొదటిసారి నేను ఫైళ్లు తెరవబోతే, చెయ్యి అడ్డుపెట్టి, "కేసుల గురించి తర్వాత. నువ్వెలా ఉన్నావు?" అని అడిగారు. అంతకుముందు ఆరేళ్లలో ఆఫీసులో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను 40 నిమిషాలు ఏడ్చాను. ఆవిడ టైమ్ చూసుకోలేదు.

మీకు అలాంటివారు లేకపోతే మీరే ఒక చిన్న గుంపు తయారుచేసుకోండి. నలుగురైదుగురు చాలు, వేరే సంస్థలవాళ్లయినా సరే, పేర్లూ ఆనవాళ్లూ బయటపెట్టకుండా. నెలకు రెండుసార్లు, గంటన్నర. సలహాలు అడిగితే తప్ప ఇవ్వకూడదన్న ఒక్క నియమం పెట్టుకోండి. మా గుంపు 14 ఏళ్లుగా నడుస్తోంది.

ఇదంతా అడగడం స్వార్థమనిపిస్తే ఒక సంగతి. అంతర్జాతీయ సోషల్ వర్కర్ల సమాఖ్య 2018లో ఆమోదించిన నైతిక సూత్రాల్లో, మనల్ని మనం వృత్తిలోనూ జీవితంలోనూ చూసుకోవడం సోషల్ వర్కర్ విధి అని రాసి ఉంది. అమెరికా సోషల్ వర్కర్ల సంఘం కూడా 2021లో తన నియమావళిలో దీన్ని చేర్చింది. అలసిపోయిన కళ్లకి పిల్లవాడి చేతిమీద మచ్చ కనిపించదు. నేను అలా ఒకసారి ఆ మచ్చను చూడలేకపోయాను. మా టీమ్‌లో ఇంకొకరు చూశారు కాబట్టి ఆ పిల్లవాడు బతికి బట్టకట్టాడు.

మానేయడం గురించి కూడా మనసులో మాట చెబుతాను. కొందరు మానేయాలి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కేసులు తగ్గించి, తోడు దొరికి, చికిత్స తీసుకుని, మూడు నాలుగు నెలలు గడిచాక కూడా ఆదివారం సాయంత్రం అదే టెన్షన్ ఉంటే మార్పు ఆలోచించండి. మానేయడమంటే రంగాన్నే వదిలేయాలని లేదు. నాతో పనిచేసినవాళ్లలో ఒకరు పిల్లల కేసుల నుంచి వృద్ధుల సేవకు మారారు, ఇంకొకరు శిక్షణ వైపు వెళ్లారు. ఇద్దరూ బాగున్నారు. పని పెంచుతూ, మనుషుల్ని తగ్గిస్తూ, అడిగినవాళ్లని బలహీనులుగా ముద్రవేసే ఆఫీసు అయితే అంతకాలం కూడా ఆగకండి. వేరే చోటు వెతుక్కోండి.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన గుర్తులు: చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, నిద్రకోసం మద్యం లేదా మాత్రల మీద ఆధారపడటం, భయపెట్టే దృశ్యాలు నెలకు పైగా వెంటాడటం, పిల్లలమీద చెయ్యి లేవబోవడం. మొదటిదైతే రేపటిదాకా ఆగొద్దు. దగ్గరి మనిషిని పక్కన ఉంచుకుని ఈ రాత్రే వెళ్లండి. మన క్లయింట్లకి ఇదే చెబుతాం కదా.

సూపర్‌వైజర్‌తో ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని చివర్లో రాశారు. నేను ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి ఏ మాట వింటే కదులుతామో చెప్పగలను. "స్ట్రెస్‌గా ఉంది" అంటే అందరికీ ఉందిలే అనిపిస్తుంది. ఇలా చెప్పండి: "నా దగ్గర ఇన్ని కేసులున్నాయి, వాటిలో బరువైనవి ఇన్ని. ఇన్ని వారాలుగా నిద్ర లేదు. క్లయింట్ చెబుతుంటే నాకు ఏమీ అనిపించడం లేదు, ఏదైనా ముఖ్యమైంది వదిలేస్తానేమోనని భయంగా ఉంది. నెల రోజులు కొత్త హింస కేసులు ఇవ్వకండి, రెండు వారాలకోసారి నాకు ఒక గంట ఇవ్వండి." అంకెలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. గొంతు వణికితే వణకనివ్వండి, కాగితం చూసి చదవండి. మాట్లాడి వచ్చాక అదే విషయాన్ని ఆ పూటే మెయిల్ పెట్టండి. రెండు వారాలు చూసి, ఏమన్నారో ఇక్కడ రాయండి. ఒప్పుకోకపోతే పైవారికి ఉత్తరం ఎలా రాయాలో అప్పుడు కలిసి చూద్దాం.